అతికించిన దవడ

నా దగ్గర ఒక దవడ ఉంది. ప్లాస్టరుది. పసుపురంగు, అరచేతిలో పట్టేంత. తూకం వేస్తే పావుకిలో కూడా ఉండదేమో. తొమ్మిదేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే జేబులో వేసుకుని తిరగడం లేదు లెండి. హిందూపురంలో నా ల్యాబులో, పై అరలో, ఒక ఖాళీ మిఠాయి డబ్బాలో ఉంటుంది. అయినా ఉదయం షట్టరు ఎత్తగానే నా చూపు ముందు ఆ డబ్బా మీదికే పోతుంది. ఉందా? ఎవరైనా కదిపారా? ఉంటే భయం. లేకపోతే అంతకంటే భయం.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు చెప్పే ధైర్యమే ఉంటే ఈ మాట ఎప్పుడో చెప్పేవాణ్ణి. పేరు లేని ఒప్పుకోలు సగం ఒప్పుకోలే అని మీరంటే కాదనను. ఆ సగమైనా చెప్పనివ్వండి.

నేను పళ్ళ డాక్టరును కాదు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపితే కట్టుడు పళ్ళు తయారు చేసేవాణ్ణి. పేషెంటు మా ముఖం చూడరు, మేము వాళ్ళ ముఖం చూడం. మాకు కనిపించేది ఒక ప్లాస్టరు దవడ, దాని అడుగున పెన్సిలుతో రాసిన పేరు. అంతే. ధర్మవరంలో ఒక డాక్టరుగారున్నారు. నాకు వచ్చే పనిలో సగానికి పైగా ఆయనదే. ఆయన అచ్చును డబ్బాలో పెట్టి హిందూపురం బస్సు డ్రైవరుకిస్తారు. నేను బస్టాండుకు పోయి తీసుకుంటాను. తయారైన పళ్ళు మళ్ళీ అదే బస్సులో పెనుకొండ మీదుగా ధర్మవరం పోతాయి. మా వైపు ఎంతమంది నవ్వులు ఇంజను పక్కన కూర్చుని ప్రయాణం చేశాయో ఆ డ్రైవర్లకే తెలియాలి.

అప్పట్లో ఇంప్లాంట్ల మీద కూర్చునే పళ్ళసెట్టు మా వైపు కొత్త. కింది దవడ ఎముకలోకి నాలుగు స్క్రూలు దించుతారు. ఆ నాలుగింటినీ కలుపుతూ ఒక లోహపు కడ్డీ వేస్తారు. సెట్టు ఆ కడ్డీ మీద టక్కున బిగుసుకుంటుంది. మామూలు సెట్టులాగా నోట్లో తేలదు, మాట్లాడుతుంటే జారదు. ఆ కడ్డీని బెంగుళూరులో కంప్యూటరు మిషను మీద కోయించేవారు. మంచి పని, కానీ ఖరీదు. ఆ ధర చెప్పగానే మా జనం లేచి చెప్పులు వేసుకునేవారు. అప్పుడు డాక్టరుగారితో నేనే అన్నాను, లోహం కరిగించి కడ్డీ ఇక్కడే పోస్తాను, సగం ధరకే ఇస్తాను అని. అది గొప్పలు పోవడం కాదు. నాకు చేతనైన పనే. ఆ మాట ఇప్పటికీ అంటాను. చేతకాక చెడగొట్టి ఉంటే ఇంత భయం ఉండేది కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కడ్డీ పోయకముందు ఒక ప్లాస్టిక్ నమూనా చేసి, దాన్ని నోట్లో పెట్టి, అన్ని మూలలా కూర్చుంటోందా లేదా అని సరిచూడడం పద్ధతి. దానికి కొంత ఖర్చవుతుంది, పేషెంటు ఇంకోసారి రావాలి. ఇది అవసరమా అని డాక్టరుగారు అడిగారు. అక్కరలేదు సార్ అన్నాను. ధర తగ్గాలంటే ఎక్కడో ఒకచోట కత్తెర పడాలి కదా. కత్తెర ఎక్కడ పడిందో చూడండి. నా తప్పును పట్టించగలిగిన ఒకే ఒక్క చోట.

ఆ ధరకు ఒప్పుకున్న మొదటి మనిషి మాబున్నీ. పెనుకొండలో గాజుల అంగడి ఆమెది. యాభై దాటిన మనిషి. కింది పళ్ళన్నీ పోయాయి. మామూలు సెట్టు కట్టించుకుంటే మాట్లాడేటప్పుడు జారేదట. గాజులమ్మే మనిషికి చేయి ఎంత ముఖ్యమో నోరూ అంతే ముఖ్యమని, అందుకే మెడలో గొలుసు అమ్మి మరీ ఈ పళ్ళు వేయించుకుంటోందని డాక్టరుగారు ఫోనులో చెప్పారు. అప్పటికి నేనామెను చూడలేదు. నాకు ఆమె ఒక దవడ. అడుగున పెన్సిలుతో నా చేత్తోనే రాశాను, మాబున్నీ, పెనుకొండ అని.

నోట్లో నాలుగు స్క్రూలు ఎక్కడెక్కడ, ఏ వంపులో ఉన్నాయో, అచ్చంగా అక్కడే ఈ ప్లాస్టరు దవడలో నాలుగు లోహపు ముక్కలుంటాయి. మా పనంతా వాటిని నమ్ముకునే. అవి వెంట్రుకవాసి కదిలినా కడ్డీ నోటికి సరిపోదు. ఆ రోజు మధ్యాహ్నం దవడను నీళ్ళలో కడిగి, తడి చేత్తోనే బల్ల మీదికి తెస్తున్నాను. జారింది. గచ్చు మీద పడింది. మొత్తం ముక్కలైపోయి ఉంటే ఎంత బాగుండేది! దాచడానికి ఏమీ మిగిలేది కాదు. కానీ ఒక మూల మాత్రం విరిగింది, నాలుగో ముక్క ఉన్న మూల. చేతిలోకి తీసుకుని రెంటినీ కలిపి చూశాను. చక్కగా కలిశాయి. కలిశాయనుకున్నాను. క్షణంలో అంటుకునే గమ్ము రెండు చుక్కలు వేసి, ఊపిరి బిగబట్టి అతికించాను. పైనుంచి చూస్తే సన్నటి గీత తప్ప ఏమీ లేదు.

చేయవలసింది ఏమిటో మా పనిలో కొత్తగా చేరినవాడు కూడా చెప్పగలడు. డాక్టరుకు ఫోను చేసి, దవడ పగిలింది, ఇంకో అచ్చు పంపండి అనాలి. ఆమె పెనుకొండ నుంచి మళ్ళీ ఒకసారి ధర్మవరం పోవాలి. ఆయన నన్ను రెండు మాటలు అంటారు. అంతే కదా? ఎన్నిసార్లు లెక్కవేసుకున్నా అంతే. ఆ రెండు మాటలకు భయపడ్డాను. దవడ పట్టుకోవడం రానివాడు కడ్డీ ఏం పోస్తాడని ఆయన అనుకుంటారని, రేపటి నుంచి పనంతా బెంగుళూరు బస్సెక్కుతుందని భయపడ్డాను. ఆ భయం నిజమైనదేనా, లేక చేయి చాచి ఒక పని చేయడానికి బద్ధకమై దానికి భయమని పేరు పెట్టుకున్నానా? తొమ్మిదేళ్ళుగా అడుగుతున్నాను. ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది.

కడ్డీ పోశాను. నా ప్లాస్టరు దవడ మీద అద్భుతంగా కూర్చుంది. కూర్చోక ఏం చేస్తుంది? తప్పు దవడను చూసి చేసిన కడ్డీ అది. బస్సులో పంపాను. మర్నాడు డాక్టరుగారు ఫోను చేశారు. ఆమె అప్పుడు ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని ఉంది.

"మూడు కూర్చున్నాయప్పా. నాలుగోది లేస్తాండాది," అన్నారు.

బల్ల మీది దవడను తిప్పి ఆ గీత చూశాను. ఆయనే మళ్ళీ అడిగారు.

"మోడలు సరిగ్గానే ఉండాదా? దానికేమన్నా అయిందా?"

"ఏం కాలేదు సార్. బాగుండాది. ఒక్కొక్కటే కొంచెం కొంచెం బిగించండి. కూర్చుంటాది."

ఫోను వెనకాల ఆమె గొంతు వినిపించింది. ఏదో అనబోయింది. నోట్లో అన్ని సామాన్లుంటే మాట ఎలా వస్తుంది? మూలిగినట్టు ఒక చప్పుడు, అంతే. ఆయన ఫోను పెట్టేశారు. సాయంత్రం మళ్ళీ చేసి, కూర్చుందప్పా, నువ్వు చెప్పింది నిజమే అన్నారు. సంతోషంగా అన్నారు. నేను కూడా సంతోషంగానే ఏదో అన్నాను.

కూర్చుంది అంటే ఏమిటో మీకు చెప్పాలి. కడ్డీ వంగదు. ఎముకలోని స్క్రూ వంగదు. రెంటినీ బలవంతంగా కలిపి బిగిస్తే, ఆ లాగుడంతా ఎముక భరించాలి. పగలూ రాత్రీ, తింటున్నా తినకపోయినా. కొన్నాళ్ళు భరిస్తుంది. తర్వాత కొంచెం కొంచెంగా తప్పుకుంటుంది.

ఏడాదిన్నర భరించింది. ముందు వాపు, తర్వాత చీము. ఎక్స్‌రేను డాక్టరుగారు నా ఫోనుకు పంపారు. నాలుగో స్క్రూ చుట్టూ నల్లగా, గిన్నెలాగా ఎముక తినేసి ఉంది. సరిగ్గా నేను అతికించిన మూల. దాని పక్కది కూడా కదులుతోంది. కడ్డీ తీసేశారు. కొన్ని నెలల్లో నాలుగు స్క్రూలూ ఒకటి తర్వాత ఒకటి పోయాయి.

ఎందుకైందో డాక్టరుగారు వెతికారు. ఆయన చెడ్డవారు కాదు. నిజంగానే వెతికారు. ఆమెకు ఆకువక్క అలవాటుందని అప్పుడు తెలిసింది. నాకు ఫోను చేసి, ఆకువక్క వల్లే అయ్యుంటాది కదప్పా అన్నారు. నేను చేసిన మొదటి తప్పు చేయి జారడం. దాన్ని తప్పనను, ఎవరికైనా జారుతుంది. రెండోది అతికించడం. మూడోది ఫోనులో అబద్ధం. కానీ ఆ రోజు అన్న మాట ఉంది చూడండి, అదే నన్ను తినేస్తోంది. అవును సార్, ఇంకేముంటాది, ఆకువక్కే అన్నాను. నా నెత్తిన ఉన్నదాన్ని తీసి, ముఖమైనా చూడని ఒక మనిషి నెత్తిన పెట్టాను. ఆకువక్క పళ్ళకు మంచిదని నేననను. అది కూడా కొంత కారణమై ఉండవచ్చు. నా అబద్ధం ఇన్నేళ్ళు నిలబడింది ఆ కొంత వల్లే.

ఆ తర్వాత ఆమెకు మళ్ళీ మామూలు సెట్టే చేసి పంపాను. కొన్ని నెలలకు ఆమె నా ల్యాబుకే వచ్చింది. గాజుల సరుకు కొనడానికి హిందూపురం వచ్చి, సెట్టు ఒరుసుకుంటోందని, చేసినవాడు ఇక్కడే ఉన్నాడని తెలిసి, అడుగుతూ అడుగుతూ వచ్చింది. తలుపు దగ్గర నిలబడి పేరు చెప్పింది. దవడ తప్ప ముఖం తెలియని మనిషి. సన్నగా, పొట్టిగా, మాట్లాడేటప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకుంటోంది. నా నెత్తి మీది అరలోనే, డబ్బాలో, ఆమె దవడ ఉంది. స్టూలు వేసి కూర్చోబెట్టాను. సెట్టు తీసుకుని ఒరుసుకునే చోట మిషను మీద అరగదీయసాగాను.

ఆమె మాత్రం మాట్లాడుతూనే ఉంది. కొడుకు తిట్టాడట, ఆకు మానమంటే మానలేదు, గొలుసు బూడిదలో పోశావు అని. ఆ రోజు నుంచి ఆకు ముట్టలేదట. తప్పు తనదే కాబట్టి ఎవరినీ ఏమీ అనడానికి లేదట. తర్వాత తన పని గురించి చెప్పింది. గాజులు తొడిగేటప్పుడు ఎదుటి మనిషిని మాటల్లో పెట్టాలట, అప్పుడే చేయి మెత్తబడుతుందట. ఎక్కని గాజును తానెప్పుడూ బలవంతంగా ఎక్కించలేదట, ఎక్కిస్తే గాజైనా పగులుతుంది, చేయైనా తెగుతుందట. ఆ మాటకు నేను మిషను ఆపేశాను. ఆమెకు తెలిసిపోయిందా? తెలిసే అంటోందా? తల ఎత్తి చూశాను. ఏమీ లేదు. ఆమె తన పని గురించి చెబుతోంది, అంతే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాణ్ణి నేను.

పోతూ పోతూ సంచిలోంచి డజను పచ్చగాజులు తీసి బల్ల మీద పెట్టింది, నా భార్యకట. వద్దంటే వినలేదు. ఇంట్లో ఇచ్చాను. ఎవరిచ్చారని అడిగితే ఒక పేషెంటు అన్నాను. ఆ గాజులు పగిలేదాకా వంటింట్లోంచి ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా ఉలిక్కిపడేవాణ్ణి. ఎందుకలా అదురుతున్నారని మా ఆవిడ అడిగితే పని ఎక్కువైందన్నాను. ఒక అబద్ధం చెబితే దానికి తోడు పది కావాలి. ఆ పదీ నేను ఇంట్లోనే చెప్పుకున్నాను.

దవడను ఎందుకు పారేయలేదని మీరడగవచ్చు. సుత్తితో ఒక్క దెబ్బ చాలు. చాలాసార్లు తీశాను. వేలితో ఆ గీతను తడిమాను, మళ్ళీ డబ్బాలో పెట్టాను. ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో దాచాను. అది కూడా లేకపోతే ఆమెదే తప్పని నేనే నమ్మేస్తానేమోనన్న భయంతో ఉంచాను.

ఆ మధ్య ధర్మవరం పోయినప్పుడు డాక్టరుగారి గదిలో కూర్చుని ఉన్నాను. చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చిన ఒక రైతుకు ఆయన హెచ్చరిక చెబుతున్నారు. పెనుకొండలో ఒకామె ఆకువక్క నమిలి నాలుగు ఇంప్లాంట్లు పోగొట్టుకుంది, నువ్వూ అట్లా చేసుకోవద్దు అని. ఆ రైతు నా వైపు చూశాడు. నేను తలూపాను! ఎందుకు ఊపాను? అలవాటైపోయింది. ఎన్నేళ్ళుగానో ఆయన ఈ కథ చెబుతున్నారని అప్పుడే తెలిసింది. మాబున్నీ ఇప్పుడొక పాఠం. ఆ పాఠం రాసింది నేను.

పోయిన వారం ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి సెట్టు కోసం కాదు. స్టూలు మీద కూర్చుంది. నోటికి చేయి అడ్డం పెట్టుకునే మాట్లాడింది.

"నాయనా, నా కొడుకు ఇప్పుడు దుడ్లు పెడతానంటాండాడు. మళ్ళీ ఆ స్క్రూ పండ్లే ఏపిస్తాడంట. డాక్టరు దగ్గరికి పోతిమి. ఎముక ఉండాది గానీ, నీ ఆకువక్కకు మళ్ళీ ఊడిపోతాయి, నేను ఎయ్యనంటాడు. ఏడేండ్లు దాటె నేను ఆకు ముట్టి. ఆయప్ప నమ్మల్యా."

"చెప్పలేదా అమ్మా, మానేసినానని?"

"చెప్తి. అందరూ అట్లే చెప్తారన్నాడు. నువ్వన్నా ఒక మాట చెప్పు నాయనా. నువ్వు చెప్తే నమ్ముతాడు."

నేను చెబితే నమ్ముతాడు. నిజమే. తొమ్మిదేళ్ళుగా నేను చెప్పిందే నమ్ముతున్నాడు. ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. డబ్బా నా చేతికందేంత దూరంలో ఉంది. నోరు తెరిచాను కూడా. చెప్తాలే అమ్మా అన్నాను. ఆమె నా తల మీద చేయి పెట్టి, నీ కడుపు చల్లగుండ అని దీవించి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది. తేలు కుట్టిన దొంగలాగా అక్కడే కూర్చున్నాను.

ఈ వారమంతా భయంతోనే గడిచింది. డాక్టరుగారు నాకు పని పంపడం ఆపేస్తారు. ఊళ్ళో పేరు పోతుంది. ఆమె కొడుకు వచ్చి చొక్కా పట్టుకుంటాడు. కేసు పెడతాడేమో. ఇవన్నీ జరుగుతాయి, జరగాలి కూడా. కానీ నాకున్న పెద్ద భయం వీటిలో ఏదీ కాదు. నిజం తెలిశాక ఆమె నా ముఖం చూసి ఏమంటుంది? ఏమీ అనకపోతే? నాయనా అనే పిలిస్తే? ఆకు మానిన ఏడేళ్ళు, తల వంచుకుని తిట్లు తిన్న ఏడేళ్ళు, నోటికి చేయి అడ్డం పెట్టుకున్న ఏడేళ్ళు, వీటిని నేనేం పెట్టి పూడుస్తాను? ఉచితంగా కడ్డీ పోసిస్తానందామా? నేను పోసిన కడ్డీని ఆమె నోట్లో ఎవరు పెట్టనిస్తారు?

నిన్న రాత్రి ఇది రాయడం మొదలుపెట్టేసరికి దవడ ఇంకా అరలోనే ఉంది. ఈ రోజు పొద్దున షట్టరు ఎత్తి, డబ్బా దించాను. దవడను తిప్పి చూశాను. అడుగున పెన్సిలు రాత కొంచెం చెరిగింది కానీ కనిపిస్తోంది, మాబున్నీ, పెనుకొండ. దాని కింద రాశాను: ఇది నా చేతిలోంచి పడి పగిలింది. నాలుగో మూల నేను అతికించాను. మీరడిగితే ఏం కాలేదని అబద్ధం చెప్పాను. ఆమె ఆకువక్క కాదు సార్. చివర నా పేరు రాశాను. మీకు చెప్పని పేరు దాని మీద ఉంది.

ఆమెకు ఇంకా చెప్పలేదు. డాక్టరుకు రాసి పంపడం సులువు, మధ్యలో బస్సుంది. ఆమె ముందు నిలబడాలంటే నేనే ఆ బస్సెక్కి పెనుకొండలో దిగాలి. దిగుతాను. ఎప్పుడని అడగకండి, మాట ఇచ్చి తప్పడం కూడా నాకు అలవాటే. ఈ చివరి మాటలు మీకు రాస్తుంటే, దవడను మోసుకుపోతున్న బస్సు పెనుకొండ దాటి ఉంటుంది. ఫోను బల్ల మీద ఉంది. మాటిమాటికి దాని వైపే చూస్తున్నాను. అయినా తొమ్మిదేళ్ళ తర్వాత పై అర వైపు చూడాల్సిన పని లేదు.

బస్టాండులో డబ్బా ఇస్తుంటే డ్రైవరు నవ్వాడు. నేను ఎప్పుడూ ఒకే మాట చెబుతానని అతనికి తెలుసు. నేను నోరు తెరవకముందే అతనే అన్నాడు.

"తెలుసులేప్పా. జాగ్రత్త, కింద పడితే పగుల్తాది. అంతే కదా?"

"ఇది ముందే పగిలిందప్పా," అన్నాను. "నేనే పడేసినా."

అతనికి ఏమీ అర్థం కాలేదు. ఒకసారి నా ముఖంలోకి చూసి, డబ్బాను ఇంజను పక్కన, ఎప్పటిలాగే నిదానంగా పెట్టుకున్నాడు.